లంగరు ఉన్నచోటే ఉందా?

2012 ఏప్రిల్ 11, బుధవారం. మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలు. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో భోజనాల వేళ దాటి షెడ్లలో మళ్లీ మోటార్లు తిరుగుతున్నాయి. షాపూర్‌నగర్ రోడ్డు లారీలతో ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. సరిగ్గా అప్పుడే, ఇక్కడికి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమత్రా దీవికి పడమటి సముద్రం అడుగున భూమి పగిలి జారింది. తీవ్రత 8.6 అని తర్వాత తేలింది. ఆ క్షణాన అంత పెద్ద సంగతి జరిగిందని సుమత్రాలో నేల ఊగుతున్నవాళ్లకు తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు.

జీడిమెట్లకు ఆనుకుని ప్రగతినగర్‌లో ఒక ప్రాంగణం ఉంది. పేరు ‘ఓషన్ వ్యాలీ’. సముద్రానికి సుమారు మూడొందల కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల ఎత్తున, దక్కను రాళ్ల మధ్య ఉన్న చోటికి ఆ పేరు పెట్టినవాళ్ల సరదాను మెచ్చుకోవాలి. చాలాకాలం ఉత్తరాల మీద దీని చిరునామా ‘ఐడీఏ జీడిమెట్ల పోస్టు’ అనే ఉండేది. అదే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. అందరూ పిలిచే పేరు ఇన్‌కాయిస్. 1999లో పుట్టింది. తర్వాతి కాలంలో ఇస్రో అధిపతి అయిన కె. రాధాకృష్ణన్ దీనికి తొలి సంచాలకుడు.

అక్కడి సునామీ హెచ్చరిక కేంద్రంలో రాత్రీ పగలూ షిఫ్టుల మీద మనుషులు ఉంటారు. గోడ నిండా తెరలు. ఒకదాని మీద భూకంప కేంద్రాలు పంపే గీతలు, ఇంకొకదాని మీద రేవుల్లో నీటిమట్టం అంకెలు, మరొకదాని మీద హిందూ మహాసముద్రం పటం. ఆ పటంలో కొన్ని చుక్కలు. ఒక్కో చుక్క నడిసముద్రంలో లంగరు వేసి వదిలేసి వచ్చిన ఒక బోయా. దాని మీద మనిషి ఉండడు, ఇంజను ఉండదు, కనుచూపు మేరలో తోడు ఓడ ఉండదు. అది ఉందా, కొట్టుకుపోయిందా, ఏమంటోంది అన్నది జీడిమెట్లలో కూర్చునే తెలుసుకోవాలి. ఆ మధ్యాహ్నం దేశపు తూర్పు తీరమంతా తెలియకుండానే ఆ చుక్కల మీద ఆధారపడింది.

తెర మీద గీతలు ఒక్కసారిగా చెలరేగాయి. నాలుగు నిమిషాలు నిండకముందే కంప్యూటర్లు భూకంపం చోటునూ తీవ్రతనూ లెక్కగట్టేశాయి. తొలి అంచనాలు 8.5, 8.7 మధ్య ఊగాయి. ఎనిమిది నిమిషాలకల్లా మొదటి బులెటిన్ బయటికి వెళ్లింది. ఈ వివరాలన్నీ ఆ కేంద్రానికి అప్పట్లో సారథ్యం వహించిన తుమ్మల శ్రీనివాసకుమార్, ఆయన సహచరులు అదే ఏడాది ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు. దాదాపు ఆ బులెటిన్ వెళ్లే వేళకే కంపనం మన తీరానికి చేరింది. చెన్నైలో ఆఫీసుల మెట్లన్నీ జనంతో నిండిపోయాయి. కోల్‌కతాలో మెట్రో రైళ్లు ఆపేశారు. విశాఖలోనూ బెంగళూరులోనూ జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. టీవీల్లో ‘సునామీ’ అన్న మాట ఎర్రటి అక్షరాల్లో మొదలైంది.

ఆ మాట వింటే ఎవరికైనా 2004 డిసెంబరు 26 గుర్తొస్తుంది. అదే సముద్రం, అదే సుమత్రా. అప్పుడు తీవ్రత 9.1. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా పోయారు. మన దేశంలోనే పదివేలు దాటింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. ఆదివారం పొద్దున్న ఆరున్నరకు భూమి కంపిస్తే చెన్నైకి అల తొమ్మిదింటికి వచ్చింది. మధ్యలో రెండున్నర గంటల సమయం ఉంది. కానీ ఆ సమయంలో సముద్రంలో ఏం జరుగుతోందో చూసే కన్ను హిందూ మహాసముద్రం మొత్తంలో ఒక్కటి కూడా లేదు. ప్రపంచంలో అలాంటి సునామీ బోయాలు అప్పటికి ఉన్నవే ఆరు. ఆరూ పసిఫిక్‌లోనే.

చావుల లెక్క అందరికీ గుర్తుంది. నాలుగు రోజుల తర్వాత జరిగింది మాత్రం మరిచిపోయాం. డిసెంబరు 30న మళ్లీ సునామీ రావచ్చని కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. దానికి మూలం విదేశంలోని ఒక ప్రైవేటు సంస్థ చెప్పిన జోస్యం. తమిళనాడు, కేరళ, ఆంధ్ర తీరాల్లో శవాలను వెతుక్కుంటున్నవాళ్లు, శిబిరాల్లో అన్నం తింటున్నవాళ్లు అన్నీ వదిలేసి పరిగెత్తారు. అదే రోజు హెచ్చరికను వెనక్కి తీసుకున్నారు. అల రాలేదు. సునామీని ముందుగా చెప్పలేకపోవడం ఒక ఘోరమైతే, రాని సునామీని వస్తుందనడం ఇంకో ఘోరం. రెండోది రెండుసార్లు జరిగితే మూడోసారి నిజంగా అల వచ్చేటప్పుడు ఎవరూ కదలరు. నా మటుకు నాకు జీడిమెట్లలోని సునామీ హెచ్చరిక కేంద్రం పుట్టుకకు 26వ తేదీ ఎంత కారణమో, 30వ తేదీ కూడా అంతే కారణమనిపిస్తుంది.

సుమారు 125 కోట్ల రూపాయల ఖర్చుతో ఆ కేంద్రం 2007 అక్టోబరు 15న ప్రారంభమైంది. 2011 అక్టోబరు నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేసియాలతో కలిసి హిందూ మహాసముద్రపు దేశాలన్నిటికీ సమాచారం ఇచ్చే బాధ్యత కూడా తీసుకుంది. ఆ బాధ్యత నెత్తిన పడి ఆరు నెలలైందో లేదో, ఈ బుధవారం వచ్చింది.

ఇక్కడ ఆ గదిలో ఉన్న ఒక నియమం చెప్పుకోవాలి. సునామీ 60 నిమిషాల లోపు తాకగల చోట్లకు భూకంపం వివరాలను బట్టే హెచ్చరిక ఇచ్చేస్తారు. నికోబార్ దీవులు అలాంటివి. అక్కడ నిర్ధారణ కోసం ఆగితే మనుషులు మిగలరు. అంతకంటే దూరంగా ఉన్న చోట్లకు మాత్రం, అంటే చెన్నై, నెల్లూరు, మచిలీపట్నం, విశాఖలకు, ముందు అప్రమత్తత వరకే. ఖాళీ చేయండి అనాలంటే సముద్రంలో నీరు నిజంగా లేచిందని కొలత రావాలి. ఆ కొలత ఇచ్చేది లంగరు వేసిన బోయా. లెక్క ప్రకారం అల మన ప్రధాన భూభాగానికి రావడానికి రెండున్నర మూడు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం నాలుగున్నర, ఐదు. ఆ లోపు బోయా చెప్పాలి. చెప్పాలంటే ముందు అది ఉన్నచోట ఉండాలి.

ఇందిరా పాయింట్, కార్ నికోబార్, కమోర్తా–కచాల్ ప్రాంతాలకు హెచ్చరిక వెళ్లింది. మిగతా అండమాన్ దీవులు, ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో కొన్ని చోట్లు అప్రమత్తత కింద ఉన్నాయి. మెరీనా బీచ్‌ను పోలీసులు ఖాళీ చేయించారు. చెన్నై పోర్టు పనులు ఆపేసింది.

హార్బర్లలో ఇంకో గుబులు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. ఆ ముందు నాలుగు రోజులంటే మరబోట్లన్నీ చివరి వేటకు పోయి ఉండే సమయం. ఒడ్డున బోటు యజమానికి అప్పుడు పుట్టే ప్రశ్న ఒక్కటే: “ఏటి సేద్దుం? బోటు లోనికి రమ్మందుమా, అక్కడే ఉండిపొమ్మందుమా?” మనసు రమ్మనే అంటుంది. నిజానికి రమ్మనకూడదు. నాలుగు వేల మీటర్ల లోతు నీటిలో సునామీ గంటకు ఏడొందల కిలోమీటర్ల వేగంతో పోతుంది కానీ దాని ఎత్తు అరమీటరు ఉంటే గొప్ప. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు బంగాళాఖాతం మీదుగా పోయిన జేసన్–1 ఉపగ్రహం కొలిస్తే నడిసముద్రంలో అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. అది వందల కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంటుంది కనుక బోటులో ఉన్న కళాసీకి లేచినట్టూ తెలియదు, దిగినట్టూ తెలియదు. చంపేది రేవులో, తీరంలో. లోతు నీటిలో ఉన్న బోటును భయపడి రేవుకు పిలిస్తే ప్రమాదంలోకి పిలిచినట్టే.

మనిషి బోటులో కూర్చుని పసిగట్టలేని ఆ అరమీటరునే యంత్రం పట్టుకోవాలి. అరమీటరు కాదు, మూడు సెంటీమీటర్లను కూడా.

ఎలా పట్టుకుంటుందంటే, అసలు కొలిచేది పైన తేలే బోయా కాదు. మూడు నాలుగు వేల మీటర్ల కింద సముద్రపు నేల మీద ఒక పరికరం కూర్చుని ఉంటుంది. పైనున్న నీటి బరువును అది తూస్తూ ఉంటుంది. నీటిమట్టం సెంటీమీటరు పెరిగినా ఆ బరువులో తేడా దానికి తెలుస్తుంది. నేల మీది పరికరం ధ్వని తరంగాలతో పైకి కబురు పంపితే బోయా అందుకుని ఉపగ్రహానికి అందిస్తుంది. ఉపగ్రహం నుంచి జీడిమెట్లకు, చెన్నైలో ఈ బోయాలను నిర్వహించే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు ఒకేసారి చేరుతుంది. అమెరికా వాళ్లు రూపొందించిన పద్ధతి ఇది. మామూలు రోజుల్లో పదిహేను నిమిషాలకొక కొలత. గత మూడు గంటల ఆటుపోట్లను బట్టి ఇప్పుడు నీరెంత ఉండాలో పరికరమే అంచనా కట్టుకుంటుంది. అంచనాకూ అసలుకూ మధ్య తేడా మూడు సెంటీమీటర్లు దాటిందా, మేలుకుని మొదట పదిహేను సెకన్లకోసారి, తర్వాత నిమిషానికోసారి చెప్పడం మొదలుపెడుతుంది.

ఇక బోయా సంగతి. పొలంలో గుంజకు కట్టిన ఆవు పలుపు ఎంత పొడుగుంటే అంత మేర గుండ్రంగా మేస్తుంది. బోయాదీ అదే బతుకు. టన్నుల బరువున్న లంగరు కింద ఉంటుంది. కాస్త కదిలే వీలుండేలా తాడు కడతారు. బిగించి కడితే తుపాను అలకు తెగిపోతుంది. అందుకని గాలి ఎటుంటే అటు, నీటి పోటు ఎటుంటే అటు బోయా తన వలయంలో తిరుగుతూ ఉంటుంది. తానెక్కడుందో జీపీఎస్‌తో చూసుకుని ఒడ్డుకు చెబుతూ ఉంటుంది. చుక్క వలయం లోపల ఎక్కడ ఉన్నా ఫరవాలేదు. వలయం దాటిందంటే తాడు తెగినట్టు, లేదా ఎవరో తెంపినట్టు. విదేశాల్లో షికారు పడవలవాళ్లు లంగరు వేసి ఒడ్డుకు పోయి హోటల్లో భోంచేస్తూ ఫోన్‌లో చూసుకునేదీ ఇదే. లంగరు చుట్టూ వలయం గీసుకుంటారు, పడవ గీత దాటితే ఫోన్ మోగుతుంది, పరుగున పోయి పట్టుకుంటారు. జీడిమెట్ల వాళ్లకు ఫోన్ మోగినా పరుగున పోవడానికి లేదు. ఓడ కుదరాలి, వాతావరణం కుదరాలి, మందీమార్బలం కదలాలి. అప్పటిదాకా తెర మీద చుక్క తన మానాన తాను సాగిపోతుంటే చూస్తూ ఉండటమే. పైగా బోయా పోతే నేల మీది పరికరం మూగదవుతుంది. కింద అది లక్షణంగా కొలుస్తూనే ఉంటుంది, చెప్పుకోవడానికి పైన ఎవరూ ఉండరు.

తాళ్లు తుపానుకే తెగవు. నడిసముద్రంలో ఏది తేలినా దాని నీడన చేపలు చేరతాయి. నాచు, దానికోసం చిన్న చేప, దానికోసం పెద్ద చేప. వారం రోజులు వెతికి ఖాళీ వలతో ఉన్న బోటువాడికి పసుపురంగు బోయా కనిపిస్తే ఏం చేస్తాడు? తాడు కట్టి నిలబడతాడు. బోటు బరువుకు బోయా ఒరుగుతుంది, యాంటెనా విరుగుతుంది, వల తగులుకుని తాడు కోతపడుతుంది. సౌర ఫలకాలు, బ్యాటరీలు ఊడదీసుకుపోయినవాళ్లూ లేకపోలేదు. ఒక్క మన దేశపు గొడవ కాదిది, బోయాలు వేసిన దేశాలన్నీ మొత్తుకునేదే. మనవాళ్లు కొన్ని బోయాలకు కెమెరాలు పెట్టారు, మత్స్యకార గ్రామాలకు వెళ్లి సభలు పెట్టి చెప్పారు. చేపలు ఎక్కడ దొరకవచ్చో రోజూ మత్స్యకారులకు చెప్పే కేంద్రం కూడా ఇన్‌కాయిసే. అది చెప్పిన చోటికి పోకుండా, అది దాచుకున్న చోటికే పోతున్నారన్నమాట! దొంగతనాన్ని సమర్థించను. తాడు కట్టినవాడి మీద మాత్రం నాకు పెద్ద కోపం రాదు. డీజిల్ అప్పు మీద పోసుకుని పోయినవాడికి అది సునామీ యంత్రమని ఎవరు చెప్పారు, ఎన్నిసార్లు చెప్పారు?

2012 ఏప్రిల్ 11కు తిరిగి వద్దాం. రెండున్నర అయింది. బోయాల నుంచి కొలతలు మొదలయ్యాయి. ఇక్కడొక చిక్కుంది. అల కంటే ముందు భూకంప తరంగం నేల గుండా వస్తుంది. సముద్రపు అడుగున కూర్చున్న పరికరం కిందనుంచి ఊగిపోతుంది. దాంతో నీటి బరువు పెరిగి తగ్గినట్టు పిచ్చిగా గీతలు గీస్తుంది. మేలుకోవడం మేలుకుంది, కానీ ఆ మొదటి గీత నేలది, నీటిది కాదు. దాన్ని చూసి అల అనుకుంటే విశాఖ దాకా జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చేది. అనుభవం లేని కన్ను అక్కడే తడబడుతుంది. నీటి వంతు రావడానికి ఇంకా గంట పట్టింది. అంతసేపూ అప్రమత్తత కింద ఉన్న జిల్లాల నుంచి, ఢిల్లీ నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి ఒకటే ప్రశ్న: వస్తోందా, రావడం లేదా?

మూడున్నర ప్రాంతంలో నీరు పలికింది. థాయ్‌లాండ్, శ్రీలంకల మధ్య ఉన్న బోయా దగ్గర పెరిగిన మట్టం మూడు సెంటీమీటర్ల పాటి. 2006లో థాయ్‌లాండ్, అమెరికాలు కలిసి దించిన బోయా అది, హిందూ మహాసముద్రంలో ఆ రకానికి మొదటిది. నికోబార్ దగ్గర రేవుల్లోని నీటిమట్టం ముప్పై సెంటీమీటర్ల దరిదాపుల్లోనే లేచి దిగింది. సుమత్రా తీరంలో మెలాబో దగ్గర కనిపించిన మీటరు పైచిలుకే ఆ రోజుకు పెద్ద అల. 8.6 తీవ్రతకు ముందే కట్టి ఉంచిన లెక్కలు చెప్పిన ఎత్తులకూ దీనికీ పొంతన లేదు.

ఆ లెక్కలు తప్పని కాదు. భూకంపం ఎంత పెద్దదో నిమిషాల్లో తెలుస్తుంది, ఎలాంటిదో తెలియడానికి ఇంకా సమయం పడుతుంది. అందుకని గీసి పెట్టుకున్న లెక్క ఎప్పుడూ చెడ్డవైపే ఊహిస్తుంది. 2004లో సముద్రపు నేల నిట్టనిలువుగా లేచింది, పైనున్న నీటినంతా ఎత్తి కుదేసింది. 2012లో పలకలు కలిసే అంచున కాక, పలక నడుమన పగులు వచ్చింది. నేల రెండు ముక్కలూ పక్కపక్కన జారుకున్నాయి. పక్కకు జారే నేల నీటిని పెద్దగా ఎత్తలేదు. ఆ రకం జారుడు భూకంపాల్లో యంత్రాలు నమోదు చేసినవాటిలో అదే అతి పెద్దది. శాస్త్రవేత్తలు ఆ పగులు గురించి ఏళ్ల తరబడి రాశారు. కానీ ఆ మధ్యాహ్నం మూడున్నరకు నిర్ణయం చేయాల్సినవాళ్లకు ఆ వ్యాసాలు లేవు. మూడు సెంటీమీటర్లన్న అంకె ఉంది.

ఊపిరి పీల్చుకునే లోపు 4 గంటల 13 నిమిషాలకు రెండోది వచ్చింది. తీవ్రత 8.2. మొదటి భూకంపపు అల చెన్నైకి ఇంకా చేరనే లేదు. మళ్లీ గీతలు, మళ్లీ బులెటిన్లు, మళ్లీ అదే ప్రశ్న. టీవీల ముందున్నవాళ్లకు ఈసారి ఇక రాక తప్పదనిపించింది. సుమత్రా ఉత్తర కొసన ఉన్న అచేలో గుట్టలెక్కిన జనం దిగనే లేదు. భయానికి గుండె ఆగి పోయినవాళ్లున్నారు అక్కడ. ఇక్కడ మాత్రం బోయాలు వలయాల్లోనే ఉన్నాయి, నీరు పెద్దగా లేవలేదనే చెబుతున్నాయి. మన ప్రధాన తీరంలో ఎక్కడా ‘ఊళ్లు ఖాళీ చేయండి’ అన్న మాట ఆ గది నుంచి వెళ్లలేదు. సాయంత్రానికి హెచ్చరికలు ఎత్తేశారు.

ఆ తర్వాతి ఏళ్లలో ఇన్‌కాయిస్ అండమాన్ నికోబార్ దీవుల్లో నేల ఎటు ఎంత కదిలిందో ఉపగ్రహాల సాయంతో కొలిచే కేంద్రాలు పెట్టింది. నేల పైకి లేచిందా, పక్కకు జారిందా అన్నది నీటి కోసం గంటన్నర ఎదురుచూడకుండా తెలియాలని. అవి వచ్చాక బోయాల పని తీరిపోలేదు. నేల లేచిందని తెలిసినా నీరు ఎంత లేచిందో చెప్పేది అవే. ఏడాదికో రెండేళ్లకో ఓడ పోయి బ్యాటరీలు మార్చాలి, తాడు మార్చాలి, పట్టిన నాచు గీకాలి.

ఆ బుధవారం తర్వాత నాలుగు రోజులకు వేట నిషేధం మొదలైంది. మరబోట్లు రేవులకు చేరి వరసగా కట్టేసుకున్నాయి. అప్పట్లో అది 47 రోజులు. బోయాలకు ఆ సెలవు లేదు గానీ, ఆ 47 రోజులూ కనీసం మన బోట్లయినా వాటికి తాళ్లు కట్టవు.